24 రెండో సీజన్: జార్జ్ మేసన్ చేసింది త్యాగమా, ఎలాగూ పోయే ప్రాణమేనా?

కపిలతీర్థం కుర్రాడు

ముందే చెప్తున్నా, 24 అనే అమెరికన్ టీవీ సీరియల్ రెండో సీజన్ చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి. అసలు మలుపు మొత్తం చెప్పేయబోతున్నాను.

నిన్న రాత్రి బాలాజీ కాలనీలో మా రూమ్‌లో నలుగురం కూర్చుని పదిహేనో ఎపిసోడ్ చూశాం. ఎప్పుడో 2003లో అమెరికాలో వచ్చిన ఎపిసోడ్, మేమంతా అప్పటికి బడిపిల్లలం. అయిపోయాక ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మావాడొకడు "వాడు ఎలాగూ చచ్చేవాడే కదరా, అందులో గొప్పేముంది" అన్నాడు, అంతే, రెండింటి దాకా గొడవ. నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మరిచిపోయినవాళ్ళ కోసం కథ కొంచెం చెప్తాను. మేసన్ ఉగ్రవాదాన్ని అడ్డుకునే ప్రభుత్వ సంస్థలో అధికారి, అసలు మంచివాడేం కాదు. మొదటి సీజన్ మొదటి గంటలోనే హీరో జాక్ బావర్ వాడికి మత్తు సూది పేల్చి పడేస్తాడు, ఎందుకంటే ఒక మాదకద్రవ్యాల కేసులో పట్టుబడ్డ సొమ్ములో 2 లక్షల డాలర్లు వాడు నొక్కేశాడని జాక్‌కి తెలుసు. కుర్చీ కోసం పాకులాడే రకం, పైవాళ్ళ ముందు ఒక మాట, కిందివాళ్ళ ముందు ఒక మాట. రెండో సీజన్‌లో లాస్ ఏంజెలెస్‌లో ఆ రోజే అణుబాంబు పేలబోతోందని తెలియగానే, ఆ సంస్థ అక్కడి ఆఫీసుకి పెద్దగా ఉన్న ఈ మనిషి ఏం చేశాడు? వేరే ఊళ్ళో పనుందని సాకు చెప్పి కారెక్కి ఊరు దాటబోయాడు. తన కింద పనిచేసేవాళ్ళందరినీ అక్కడే వదిలేసి. దారిలో ఫోన్ వస్తుంది, పక్కనే ఒక చోట అనుమానంగా ఉంది, చూసి రమ్మంటారు. తప్పించుకోలేక వెళ్తాడు. అక్కడే ప్లుటోనియం పీలుస్తాడు. పారిపోతూ వెళ్ళినవాడికి ఆ పారిపోయే దారిలోనే చావు ఎదురైంది.

ఇక్కడి నుంచి నేను కళ్ళార్పకుండా చూశాను. ఒక రోజో, మహా అంటే వారమో బతుకుతావని చెప్తారు. ఆ మనిషి ఆస్పత్రిలో పడుకోడు, ఆఫీసుకి తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంటాడు. వాంతులు, చెమటలు, చేతులు వణకడం, అయినా పని. ఎప్పటి నుంచో మాటల్లేని కొడుకుని పిలిపించుకుంటాడు. ఇక చేతకావడం లేదని తెలిశాక కుర్చీని తన కింద పనిచేసే టోనీకి అప్పగిస్తాడు, ఆ టోనీతో అంతకుముందు ఎన్ని పేచీలో చూశాం కదా.

బాంబు దొరుకుతుంది కానీ ఆపడం కుదరదు. విమానంలో మొహావి ఎడారికి తీసుకెళ్ళి పడేయాలి, నడిపేవాడు తిరిగి రాడు. జాక్ తానే వెళ్తానని విమానం ఎక్కుతాడు. గాల్లోకి లేచాక చూస్తే వెనక దాక్కుని మేసన్! నువ్వు పారాచూట్‌తో దూకెయ్, ఇది నేను దించుతాను అంటాడు. జాక్ ఒప్పుకోడు. అప్పుడు మేసన్ అడిగేది దేశం గురించి కాదు. నీ భార్య పోయినప్పటి నుంచి నువ్వు చావు కోసం ఎదురుచూస్తున్నావు, ఇదొక మంచి సాకు దొరికింది నీకు అన్నట్టు నిలదీస్తాడు. కిందికి వెళ్ళి నీ కూతురితో సరిచేసుకో, నిన్ను నువ్వు క్షమించుకో, అది చచ్చిపోవడం కంటే కష్టం అన్నది ఆ మాటల సారం.

నా ప్రశ్న ఒక్కటే. దీన్ని త్యాగం అనాలా వద్దా? నా మటుకు ఇది టీవీలో నేను చూసిన అతి గొప్ప చావు.

పలమనేరోడు

అన్నా, నేను మీ రూమ్‌మేట్ వైపే. కోపం వద్దు.

త్యాగం అంటే నీ దగ్గర ఉన్నది ఇచ్చెయ్యడం. మేసన్ దగ్గర ఏముంది? ఇంకో పూటో, రెండు పూటలో, అది కూడా వాంతులతో. జాక్ ఇవ్వబోయింది ముప్పై నలభై ఏళ్ళ జీవితం. అసలు త్యాగానికి సిద్ధపడింది జాక్, మేసన్ చేసింది లెక్క ప్రకారం సరైన పని, అంతే. ఇద్దరిలో ఒకడు పోవాలంటే పోయేవాడే పోవాలి కదా, దానికి దండం పెట్టాలా?

ఇంకొకటి. ఆ 2 లక్షల డాలర్ల సంగతి ఏమైంది? పారిపోతూ కింద వదిలేసిన మనుషులకి ఒక్కసారైనా నేరుగా "ఉదయం నేను మిమ్మల్ని వదిలేసి పారిపోబోయాను" అని ఒప్పుకున్నాడా? చావు ఎదురుగా కనబడితే ఎవడైనా మంచోడే అవుతాడు. మా ఊళ్ళో వడ్డీ వ్యాపారం చేసి నాలుగిళ్ళు కూల్చినాయన చివరి రోజుల్లో కొండకి నడిచి వెళ్ళి తలనీలాలు ఇచ్చొచ్చాడు. ఆ నాలుగిళ్ళవాళ్ళకి ఏమొచ్చింది?

నైట్ డ్యూటీ అక్క

తమ్ముడూ, "చావు కనబడితే ఎవడైనా మంచోడే" అన్నావు చూడు, ఆ ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయాను. నేను పద్నాలుగేళ్ళుగా తిరుపతిలో నర్సుగా చేస్తున్నాను, ఎక్కువ కాలం ఐసీయూలోనే. ఆ మాట నిజం కాదు.

చావు దగ్గరపడిందని తెలిసిన మనిషి ఎక్కువసార్లు ఇంకా బిగుసుకుపోతాడు. మంచం పక్కన మంచినీళ్ళ గ్లాసు కూడా ఎవరినీ తాకనివ్వడు. ఆస్తి కాగితాలు దిండు కింద పెట్టుకున్నవాళ్ళను చూశాను. కోడలి మీద కక్షతో చివరి రోజు కూడా నోరు కట్టేసుకున్న పెద్దావిడను చూశాను, ఆ కోడలే రోజూ క్యారేజీ తెచ్చేది. మూడు రోజులే ఉన్నాయని తెలిసినవాడికి ఆ మూడు రోజుల్లో ప్రతి గంటా మనకి పదేళ్ళతో సమానం. నువ్వేమో "ఇంకో పూటే కదా" అంటున్నావు. ఆ పూట వాడికి ఎంత విలువో వార్డులో ఒక రాత్రి కూర్చుంటే తెలుస్తుంది.

మేసన్ తన చివరి పూటను పక్కవాడికి ఇచ్చాడు. పైగా అది మంచం మీద, మందుల మగతలో, ఎవరో చెయ్యి పట్టుకుంటే పోయే చావు కాదు. కంట్రోల్స్ పట్టుకుని, స్పృహ తప్పకుండా, కళ్ళు తెరిచి చివరి క్షణం దాకా కూర్చోవాలి. ఒళ్ళు అలా తూలిపోతున్న మనిషి అంతసేపు నిలబడటమంటే ఏంటో నాకు తెలుసు.

వడ్డీ వ్యాపారి విషయంలో మాత్రం నీతో ఒప్పుకుంటాను. ఆయన దేవుడికి ఇచ్చాడు, ఇవ్వాల్సినవాళ్ళకి ఇవ్వలేదు.

ఫిజిక్స్ మాస్టారు

చిత్తూరు నుంచి. పిల్లలకి న్యూక్లియర్ ఫిజిక్స్ ముప్పై ఏళ్ళు చెప్పినవాణ్ణి కాబట్టి ఒక సంగతి సరిచేయాలి, దాని వెంట ఒక నిజమైన కథ చెప్పాలి.

ప్లుటోనియం ఇచ్చేది ముఖ్యంగా ఆల్ఫా కణాలు. వాటిని ఒక కాగితం ఆపేస్తుంది, మన చర్మం ఆపేస్తుంది. లోపలికి పీలిస్తేనే ప్రమాదం, ఊపిరితిత్తుల్లో కూర్చుని ఏళ్ళ తరబడి పాడుచేస్తుంది. ప్లుటోనియం 239 సగం తరగడానికే సుమారు 24,000 సంవత్సరాలు పడుతుంది. కానీ పీల్చిన రోజే మనిషి అలా కూలిపోవడమన్నది కథ కోసం వేగం పెంచి చూపించిందే. అలా గంటల్లో వాంతులు మొదలవ్వాలంటే ఒంటి మొత్తానికీ ఒక్కసారిగా భారీ మోతాదు రేడియేషన్ తగలాలి.

అలాంటిది ఒకసారి నిజంగా జరిగింది. 1946 మే 21న అమెరికాలో లాస్ అలమోస్ ప్రయోగశాలలో లూయిస్ స్లోటిన్ అనే కెనడా శాస్త్రవేత్త, వయసు 35, ప్లుటోనియం గోళం మీద బెరీలియం చిప్ప మూస్తూ ప్రయోగం చూపిస్తున్నాడు. రెండు చిప్పలూ పూర్తిగా కలవకూడదు, మధ్యలో అడ్డు బిళ్ళలు పెట్టాలి. ఆయన అవి తీసేసి ఒక స్క్రూడ్రైవర్ మొనతో ఆ సందును నిలబెట్టేవాడు. నియమం ప్రకారం చేయాల్సిన పద్ధతి అది కాదు. అప్పటికి తొమ్మిది నెలల ముందే, 1945 ఆగస్టులో, అదే గోళంతో పనిచేస్తూ హ్యారీ డాగ్లియన్ అనే తోటి ఉద్యోగి ప్రమాదానికి గురై 25 రోజులకు చనిపోయాడు. అయినా స్లోటిన్ పద్ధతి మార్చుకోలేదు. ధీమా, దూకుడు, నాకేమవుతుందిలే అనే గుణం.

ఆ రోజు స్క్రూడ్రైవర్ జారింది. నీలం మెరుపు మెరిసింది. ఆయన చేత్తోనే పై చిప్పను ఎత్తి నేలకు కొట్టాడు, చర్య ఆగిపోయింది. గదిలో ఆయన కాక మరో ఏడుగురు ఉన్నారు. ఆ ప్రమాదపు రేడియేషన్‌తో కొద్ది రోజుల్లోనే ప్రాణం పోయింది ఆయన ఒక్కడికే. తొమ్మిది రోజులకు, మే 30న పోయాడు. విన్నిపెగ్ నుంచి తల్లిదండ్రులను ప్రత్యేకంగా విమానంలో రప్పించారు.

తప్పు ఆయనదే. గదిలో అందర్నీ ప్రమాదంలో పెట్టిందీ ఆయనే, వాళ్ళ కోసం చెయ్యి అడ్డం పెట్టిందీ ఆయనే. ఏళ్ళ తరబడి ఈ పాఠం చెప్పేటప్పుడు పిల్లలు అడిగేవాళ్ళు, ఆయన హీరోనా, నిర్లక్ష్యపు మనిషా అని. రెండూ అని చెప్పేవాణ్ణి. ఒకటి రెండోదాన్ని కొట్టేయదు.

పలమనేరోడు

మాస్టారూ, ఇది నాకు తెలియదు. రాత్రి నుంచి దీని గురించే చదువుతున్నాను.

కానీ గమనించండి సార్, స్లోటిన్‌కి ఆలోచించే సమయం లేదు, చెయ్యి తనంతట కదిలింది. మేసన్‌కి గంటలు గంటలు ఆలోచించే సమయం ఉంది. అందుకే మేసన్‌ని నేను ఎక్కువ ప్రశ్నిస్తున్నాను. అక్కా, మీ మాటకి నా దగ్గర జవాబు లేదు, "ఎవడైనా మంచోడే" అన్నది వెనక్కి తీసుకుంటున్నాను.

పసుపు గొడుగు

మీరందరూ 24 గురించే మాట్లాడుతున్నారు, విమానం కూలి ఒక దీవిలో చిక్కుకున్నవాళ్ళ కథ, లాస్ట్ అనే సీరియల్, అందులో చార్లీని ఎవరూ తలవలేదేంటి? మూడో సీజన్ చివర, 2007లో. హెరాయిన్‌కి బానిసైన పాటగాడు, ఒక దశలో పసిబిడ్డ తల్లి క్లెయిర్ నమ్మకం కూడా పోగొట్టుకుంటాడు. చివరికి సముద్రం అడుగున ఉన్న ఒక స్టేషన్‌లో నీళ్ళు నిండుతున్న గది తలుపు లోపలి నుంచి వేసుకుంటాడు, బయట ఉన్న తోటివాడు డెస్మండ్ బతకాలని. అరచేతి మీద రాసి అద్దానికి ఆనించి చూపిస్తాడు, వస్తున్న ఓడ మనం అనుకున్నవాళ్ళది కాదని. మునిగిపోతున్న మనిషి అరవలేడు కాబట్టి చేతి మీద రాయడం, నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

దాని మీద కూడా ఇలాంటి గొడవే నడిచింది, బయటికొచ్చి తలుపు వేసి ఉండొచ్చు కదా అని. ఏమో, ఉండొచ్చు. కానీ తాను చనిపోతానని డెస్మండ్‌కి ముందే కలలా కనిపించిందని, తాను చనిపోతేనే క్లెయిర్, ఆమె బిడ్డ ఆ దీవి నుంచి బయటపడతారని చార్లీ నమ్మాడు. ఆరోగ్యంగా ఉన్నవాడు, ముందు ఎంతో బతుకు ఉన్నవాడు. పలమనేరు అన్న అడిగిన లెక్క ప్రకారం చూస్తే ఇదే కదా నిజమైన త్యాగం.

కపిలతీర్థం కుర్రాడు

చార్లీ నాకూ ఇష్టమే. కానీ చార్లీని మనం మొదటి నుంచీ ప్రేమిస్తాం, వాడు తప్పు చేసినా జాలిపడతాం. మేసన్‌ని ఎవరూ ప్రేమించలేదు. మొదటి సీజన్ అంతా వాడు తెర మీదకి వస్తే చిరాకు. రాసినవాళ్ళు మన చిరాకుని దాచలేదు, తగ్గించలేదు, మేసన్ గుణాన్ని కూడా పెద్దగా మార్చలేదు. చివరి దాకా వాడు అదే వెటకారం, అదే మొరటు మాట. ఆ మనిషే ఉన్నట్టుండి దేవుడైపోలేదు. నాకు అది నమ్మబుద్ధేసింది.

పుత్తూరు పిల్ల

ఇన్ని రోజులుగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాయాలనిపించింది.

మేసన్ కొడుకు వచ్చే సన్నివేశం గురించి ఎవరూ మాట్లాడలేదు. పోలీసులు తీసుకొస్తే వస్తాడు, ఏం తప్పు చేశానో తెలియక. నాన్న ఎదురుగా నిలబడి మామూలుగా మాట్లాడలేడు, ఆ మొహంలో జాలి కన్నా ముందు అనుమానం. ఇప్పుడెందుకు పిలిచావు, ఇన్నేళ్ళూ ఎక్కడున్నావు అన్నట్టు. నేను ఆ అబ్బాయి వైపు నుంచి చూశాను ఆ ఎపిసోడ్‌ని, ఎందుకంటే ఆ స్థానంలో నేను నిలబడ్డాను.

మా నాయన తాగేవాడు. అమ్మ మెడలో గొలుసు, మా అవ్వ ఇచ్చిన కమ్మలు, అన్నీ తాగుడుకే అయ్యాయి. నేను ఇంటర్‌లో ఉండగా ఇల్లొదిలి వెళ్ళిపోయాడు, నగరి దగ్గర ఎవరితోనో ఉంటున్నాడని తెలిసింది. తొమ్మిదేళ్ళు. తర్వాత కబురొచ్చింది, కాలేయం పూర్తిగా పోయింది, పొట్టలో నీరు చేరింది అని. అమ్మ వెళ్ళి చూసొచ్చింది. నేను వెళ్ళలేదు.

మేము ఉంటున్న ఇంటి స్థలం మాత్రం అప్పటికింకా ఆయన పేరు మీదే ఉండేది. ఆయన పోతే చిన్నాన్నలతో ఏళ్ళ తరబడి కోర్టులో తిరగాల్సి వచ్చేది, వాళ్ళు అప్పటికే కాగితాలు తయారు చేసుకుంటున్నారు. ఒక రోజు పొద్దున ఆయనే బస్సెక్కి వచ్చాడు. కాళ్ళు బోదకాలులా వాచిపోయి, చెప్పులు పట్టక గుడ్డ చుట్టుకుని. రిజిస్ట్రేషన్ ఆఫీసులో పది గంటల నుంచి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్నాడు, మధ్యలో రెండుసార్లు బయటికెళ్ళి వాంతి చేసుకున్నాడు. స్థలం అమ్మ పేరు మీద రాసి వేలిముద్ర వేశాడు. సంతకం చేయడానికి చెయ్యి నిలవలేదు. ఒక్క మాట క్షమాపణ అడగలేదు. నేను మజ్జిగ తెచ్చిచ్చాను, తాగి గ్లాసు ఇచ్చాడు, అంతే. సాయంత్రం మళ్ళీ బస్సెక్కి వెళ్ళిపోయాడు. పదకొండో రోజు పోయాడు.

అది త్యాగమా? ఎలాగూ పోయేవాడే. స్థలం ఆయన వెంట తీసుకుపోలేడు. పలమనేరు అన్న చెప్పినట్టు లెక్క ప్రకారం సరైన పని, అంతే. కానీ ఆ రోజంతా ఆయన ఆ బెంచీ మీద కూర్చుని ఉండటం నేను చూశాను. పడుకోవచ్చు, రాకపోవచ్చు, ఎవరూ అడగలేదు కూడా.

నేను క్షమించానా అంటే చెప్పలేను. అమ్మ గొలుసు గుర్తొస్తే ఇప్పటికీ మంట. కానీ ఆ మజ్జిగ గ్లాసు అందుకున్నప్పుడు ఆ చెయ్యి ఎంత వేడిగా ఉందో అది కూడా గుర్తొస్తుంది. రెండూ అలాగే ఉన్నాయి.

నైట్ డ్యూటీ అక్క

చెల్లీ, నువ్వు మజ్జిగ ఇచ్చావు. కాలేయం పోయినవాళ్ళకి ఆ స్థితిలో అంత దూరం బస్సు ప్రయాణం, అలా రోజంతా కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ పొట్టతో కూర్చుంటే ఊపిరి ఆడదు. ఎక్కువ రాయలేకపోతున్నాను.

పలమనేరోడు

పుత్తూరు అక్కా, మీరు రాసింది చదివి బయటికెళ్ళి కాసేపు నడిచొచ్చాను.

నా మొదటి పోస్టులో ఒక తప్పుంది. "ఏముంది ఇవ్వడానికి" అని అడిగాను. మీ నాయన దగ్గర ఏమీ మిగల్లేదు నిజమే. కానీ ఆ ఒక్క రోజు ఓపిక ఉంది, అదే ఇచ్చాడు. నేను ఎంత ఇచ్చాడని కొలుస్తూ కూర్చున్నాను, ఎంతలోంచి ఇచ్చాడో చూడలేదు.

మా వడ్డీ ఆయనకీ మీ నాయనకీ తేడా కూడా ఇప్పుడు తెలుస్తోంది. మీ నాయన ఎవరికి బాకీ ఉన్నాడో వాళ్ళ దగ్గరికే వచ్చాడు.

కాళహస్తి కలంకారీ

మా కాళహస్తిలో ఉన్నవాళ్ళకి త్యాగం అంటే ముందు కన్నప్పే గుర్తొస్తాడు. నేను గుడ్డ మీద ఆ కథ ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. శివుడి కంట్లోంచి రక్తం కారుతుంటే బోయ తిన్నడు తన కన్ను పెకలించి పెట్టాడు, రెండో కన్ను కూడా కారితే, అది పెకలించాక గుడ్డివాణ్ణవుతాను, చోటు తెలియదు అని కాలి బొటనవేలు అక్కడ ఆనించాడు. గీసేటప్పుడు ఆ కాలు దగ్గరే నాకు చెయ్యి ఆగుతుంది.

అయితే మేసన్‌ని కన్నప్పతో పోల్చలేం. తిన్నడు ఏ పాపమూ కడుక్కోవడానికి కన్ను ఇవ్వలేదు, వాడి దృష్టిలో దేవుడికి నొప్పి, తన దగ్గర కన్ను ఉంది, అంతే. లెక్కే లేదు అక్కడ. మేసన్‌కి లెక్క ఉంది, వెనక మోసాలు ఉన్నాయి. ఆయనకి దగ్గరగా వచ్చేది కర్ణుడు అనుకుంటాను. సభలో ద్రౌపదిని అవమానిస్తుంటే అడ్డుకోకపోగా నోరు పారేసుకున్నవాడు, తప్పు పక్షం అని తెలిసి కూడా ఉన్నవాడు. అలాంటివాడి చావుకి మనం ఎందుకు ఏడుస్తాం?

కపిలతీర్థం కుర్రాడు

కలంకారీ అన్నా, నువ్వు కర్ణుడు అనగానే మా ఊరు గుర్తొచ్చింది. మాది చిత్తూరు పక్కన పల్లె, ఏటా ఎండాకాలం ద్రౌపదమ్మ గుడి దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, చివరి రోజు దుర్యోధన వధ, నిప్పులగుండం. కర్ణ మోక్షం ఆడే రాత్రి చిన్నప్పుడు మా జేజి ఒళ్ళో కూర్చుని చూసేవాణ్ణి. బాణాలు తగిలి పడి ఉన్న కర్ణుడి దగ్గరికి కృష్ణుడు బాపనయ్య వేషంలో వచ్చి, నీ పుణ్యమంతా నాకిచ్చెయ్ అంటాడు. ఇచ్చెయ్యడానికి నీళ్ళు కూడా లేవు, కారుతున్న రక్తంతోనే ధార పోస్తాడు. పలమనేరన్నా, నీ ప్రశ్నే ఇది కూడా, ఎలాగూ పోయేవాడే! అయినా ఆ రాత్రి పందిట్లో ఒక్కరి కళ్ళు కూడా పొడిగా ఉండవు. అదే జనం వస్త్రాపహరణం రాత్రి కర్ణుణ్ణి తిట్టినవాళ్ళే. మా జేజి అయితే వారం ముందు తిట్టిన తిట్లు మరిచిపోయి ఏడ్చేది కాదు, తిడుతూనే ఏడ్చేది. "పాపిష్టోడా, ఇంత మనసుండి ఆ పొద్దు నోరెందుకు జారావురా" అని.

మేసన్ చనిపోయినప్పుడు నాకు వచ్చింది సరిగ్గా ఆ ఏడుపే.

ఫిజిక్స్ మాస్టారు

కుర్రాడా, మీ జేజి మాట బాగుంది.

నాకు మాత్రం విమానం సన్నివేశం కంటే దానికి ముందు ఆఫీసులో తోటి ఉద్యోగి మిషెల్‌తో మాట్లాడేది ఎక్కువ గుచ్చుకుంది. నిన్న మళ్ళీ పెట్టుకుని చూశాను. ఒకప్పుడు నేను టీచర్ కావాలనుకున్నాను అంటాడు. ఎందుకు కాలేదంటే ప్రభుత్వ రక్షణ శాఖ ఎక్కువ జీతం ఇస్తానంది. ఎంత ఎక్కువ? ఏడాదికి 5,000 డాలర్లు. దాని కోసం తన బతుకు పాడుచేసుకున్నాడు, చుట్టూ ఉన్నవాళ్ళ బతుకులూ పాడుచేశాడు, అదే నా ధర అంటాడు. 2 లక్షలు నొక్కేసిన మనిషి తన ధర 5,000 అని ఒప్పుకుంటున్నాడు, అసలు తప్పు ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపిస్తున్నాడు. పలమనేరు అబ్బాయి మొదట్లో అడిగాడు, ఎక్కడైనా ఒప్పుకున్నాడా అని. ఇక్కడ ఒప్పుకున్నాడు.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో నాకు బెంగళూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం కూడా వచ్చింది, జీతం దాదాపు రెట్టింపు. మా ఆవిడ వద్దంది, బడిలోనే ఉండమంది. ఆ సన్నివేశం చూసి ఆవిడ్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని తెలుగులో చెప్పాను వాడేమంటున్నాడో. ఆవిడ ఏమీ అనలేదు, టీ పెట్టడానికి లేచింది.

అందుకే కుర్రాడా, ప్రశ్న నువ్వు విమానం దగ్గర పెట్టావు గానీ, ఆ మనిషి మారింది విమానంలో కాదు. ఆఫీసులో, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా, గంట తర్వాత గంట. ఆ సీరియల్ ఒక గంట కథని ఒక గంటలోనే చూపిస్తుంది కాబట్టి ఆ కుర్చీలో కూర్చోవడం మనకి కూడా బరువుగా తెలుస్తుంది. విమానం ఎక్కేసరికి వాడు ఇవ్వాల్సిందంతా అప్పటికే ఇచ్చేశాడు.

పసుపు గొడుగు

మాస్టారు చెప్పాక నాకు మూడో సీజన్‌లో ర్యాన్ చాపెల్ గుర్తొచ్చాడు. అతనూ మేసన్ లాంటి అధికారే, అందరికీ చిరాకు. ఉగ్రవాది అతని శవం కావాలంటాడు, లేకపోతే వైరస్ వదులుతానంటాడు. రైలు పట్టాల దగ్గర జాక్ చేతిలో పోతాడు. చివర్లో ఎవరికైనా ఫోన్ చేస్తావా అని అడిగితే, చేయడానికి తనకంటూ ఎవరూ లేరు. అతనికి మేసన్‌కి దొరికినట్టు ఒక్క రోజు కూడా దొరకలేదు, కొడుకుని పిలిపించుకునే సమయం గానీ, కుర్చీ అప్పగించే సమయం గానీ. ఆ ఎపిసోడ్ చూసి నేను రెండు రోజులు సీరియల్ ఆపేశాను.

కపిలతీర్థం కుర్రాడు

చాపెల్‌ది నేను మళ్ళీ చూడలేను, ఒక్కసారి చాలు.

మాస్టారూ, మీరు చెప్పింది నిజం. మొదటి పోస్టులో "అతి గొప్ప చావు" అని రాశాను, ఇప్పుడు ఆ మాట మార్చాలనిపిస్తోంది. నేను చావుని చూశాను, దాని ముందున్న అన్ని గంటల్ని సరిగ్గా చూడలేదు. మా రూమ్‌మేట్‌కి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. పుత్తూరు అక్క రాసింది వచ్చేసరికి నా గొంతు నిలవలేదు, మిగతాది వాడే తీసుకుని చదువుకున్నాడు. తర్వాత వాళ్ళ నాన్నకి ఫోన్ చేశాడు, ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, మేడ మీదకి వెళ్ళిపోయాను.

పుత్తూరు పిల్ల

మీ రూమ్‌మేట్‌కి ధన్యవాదాలు చెప్పండి. అమ్మకి కూడా చెప్పాను, ఇక్కడ నాయన గురించి రాశానని. "వేలిముద్ర వేసినాక నా వైపు చూసినాడు, నువ్వు చూడలేదు" అంది. నాకు ఈ మాట ఇన్నేళ్ళూ చెప్పలేదు.

పలమనేరోడు

కుర్రాడన్నా, మీ ఊరి భారతంలో కర్ణ మోక్షం ఈసారి ఎప్పుడు? మా వైపు ఆగిపోయి చాలా ఏళ్ళయింది. రావచ్చా?

కపిలతీర్థం కుర్రాడు

వచ్చే శనివారం రాత్రి అన్నా, తప్పకుండా రండి. చిత్తూరు బస్టాండు దగ్గర దిగి ఫోన్ చేస్తే బండి మీద వచ్చి తీసుకెళ్తాను. వేషాలు కట్టేసరికి పదకొండవుతుంది, కర్ణుడు పడేది తెల్లవారుజామున, అందుకని సాయంత్రం కాసేపు పడుకుని రండి. కింద కూర్చోవాలి, చాప నేను తెస్తాను. మాస్టారూ, మీరు చిత్తూరులోనే కదా, అమ్మగారిని కూడా తీసుకురండి, మీకు కుర్చీ వేయిస్తాను.